రెక్క లోపల

విమానాల గురించి ఏ అనుమానం వచ్చినా మా మరిది మా ఆయన్నే అడుగుతాడు. మా ఆయన సిమెంటు కంపెనీలో లెక్కలు చూస్తారు. విమానాలు బాగుచేసే ఇంజనీరుని నేను. ఆ సంగతి మరిదికి తెలియక కాదు. అయినా ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక సోఫాలో కాళ్ళు చాపుకుని, "అన్నయ్యా, ఈ రెండింజన్ల విమానాలు సముద్రాలు దాటేస్తున్నాయి కదా, మధ్యలో ఒక ఇంజను ఆగిపోతే ఏంటి గతి?" అని అడిగాడు. వచ్చే నెల ఆఫీసు పని మీద మొదటిసారి అంత దూరం వెళ్తున్నాడు, అతని భయం అతనిది. నేను అక్కడే బల్ల మీద ఎంగిలి కంచాలు ఎత్తుతున్నాను. నా పక్కనుంచే చూపు పోనిచ్చి అన్నగారి ముఖంలోకి చూస్తున్నాడు.

"ఒరేయ్, ఒక్క ఇంజనుతోనే గంటలకొద్దీ పోగలదురా అది," అన్నారు మా ఆయన. ఆ మాట ముందు వారం అన్నం తింటూ నేను చెప్పింది. అప్పుడాయన ఫోన్లోంచి తలెత్తకుండా "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ" వెనకాల ఇంత శ్రద్ధ ఉందని నాకు తెలియదు. తర్వాత రెక్కలు ఊగడం గురించి చెప్పారు, ఊగితే భయపడకూడదని, ఊగడానికే అలా కడతారని. అదీ నాదే. ఇంధనం దగ్గరికి వచ్చేసరికి మాత్రం సొంత పైత్యం మొదలైంది. సీట్ల కింద పెద్ద పీపా ఉంటుందన్నారు. "రెక్కల్లో ఉంటుంది," అన్నాను కంచాలు పట్టుకుని వెళ్తూ. "అదే, రెక్కల్లో. ముందు పీపాలో పోసి, అక్కణ్ణుంచి రెక్కల్లోకి తోడతారు," అన్నారు తడుముకోకుండా. మరిది బుద్ధిగా తలూపాడు. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పాను.

కోపం రాలేదంటే అబద్ధం. కానీ కోపం కన్నా ముందు నవ్వొచ్చింది, నవ్వు కన్నా ముందు, ఎందుకో, ఆ విమానాల మీద జాలి వేసింది. అంత గొప్ప వస్తువు గురించి ఇంత తక్కువగా మాట్లాడుకుంటున్నారే అని. నాకు విమానమంటే ఇష్టం. ఉద్యోగం కాబట్టి ఇష్టమని చెప్పుకుంటాను గానీ అది నిజం కాదు, ఇష్టం కాబట్టే ఈ ఉద్యోగం. చాలామందికి నాలుగింజన్ల పెద్ద విమానాలంటే మోజు. నాకు అవి పెళ్ళికి తయారైన పెద్దమనుషుల్లా అనిపిస్తాయి, హంగామా ఎక్కువ. మధ్యరకం రెండింజన్లవే నా మనసుకి దగ్గర. పొద్దున ఒక ఊరు, మధ్యాహ్నం ఇంకో ఊరు, సాయంత్రానికి వెనక్కి, కాసేపు తుడిచి, తిండి ఎక్కించి, మళ్ళీ పైకి. వాటిని చూస్తే నన్ను నేను చూసుకున్నట్టే ఉంటుంది, ఒక్క తేడా, వాటికి వేళకి విశ్రాంతి ఇవ్వాలని రూలుంది. ఇన్నేళ్ళుగా ఎగిరిన వాటి ఒంటి మీద ఒక్క రివెట్టు వదులైతే వెతికి వెతికి పట్టుకునే మనుషులున్నారు. ఆ శ్రద్ధ చూస్తే నాకు కడుపు నిండుతుంది. మా కంపెనీ మొదటి నుంచీ ఒకే రకం విమానాలు కొంటూ వచ్చింది. అన్ని గిన్నెలకూ ఒకే మూత సరిపోయే వంటిల్లు అది. ఏ విమానం వచ్చి నిలబడినా నా చెయ్యి దానంతటదే పనిలోకి వెళ్ళిపోతుంది.

ఆ వంటిల్లే ఇప్పుడు మారిపోతోంది. పాత విమానాలన్నిటినీ పంపించేసి కొత్త రకం తెస్తున్నారు. కొత్త వాటికి ఎగరొచ్చని సంతకం పెట్టాలంటే నా పాత లైసెన్సు చాలదు, ఇంకో దేశంలో నాలుగు నెలలు చదివి పరీక్ష రాయాలి. వెళ్ళినవాళ్ళు విమానం దగ్గర ఉంటారు. వెళ్ళనివాళ్ళు చివరి పాత విమానం వెళ్ళిపోగానే స్టోర్స్‌లో బల్ల ముందు కూర్చుని బోల్టులు ఇచ్చి పుచ్చుకోవాలి. వెళ్తావా అని మేనేజరు అడిగారు. ఇంట్లో చెప్పాను.

"నాలుగు నెలలా?" అన్నారు మా ఆయన. "పిల్ల స్కూలు? ఇల్లు? అయినా స్టోర్స్ ఉద్యోగానికేం, ఏసీలో హాయిగా కూర్చోవచ్చు. ఇంకా రెక్కల్లో దూరే వయసా నీది?" మా అత్తగారు బతికున్న రోజుల్లో ఇంకోలా అనేవారు: "ఆడది విమానం ఎక్కాలి గానీ దాని కిందకి దూరడమేంటమ్మా?" ఇద్దరూ నా మంచి కోరే అన్నారు. నా మంచి కోరేవాళ్ళకి ఎప్పుడూ నేను కూర్చునే ఉండాలి, అదీ ఇంట్లో తప్ప. ఇంట్లో నన్ను కూర్చోమన్నవాళ్ళని ఇంతవరకు చూడలేదు. "పర్వాలేదులెండి, చూద్దాం," అన్నాను. మా ఇంట్లో ఆ మాటకి వెళ్ళట్లేదనే అర్థం. ఇన్నేళ్ళుగా నేనే నేర్పిన అర్థం అది.

గురువారం పొద్దున పాత విమానాల్లో ఒకదానికి రెక్క కింద చుక్క చుక్కగా ఇంధనం కారుతోందన్నారు. లోపలికి వెళ్ళి చూడాలి. మా షెడ్డులో రెక్క అడుగునున్న ఇరుకు కన్నంలోంచి సులువుగా దూరేది నేనొక్కదాన్నే. రెక్క లోపలి ట్యాంకు ఖాళీ చేసి, పెద్ద గొట్టంతో గాలి పట్టించి, లోపల ఆవిరి ఎంతుందో మీటరుతో చూసి గానీ మనిషిని పంపరు. ఒంటి మీద నూలు బట్టలే ఉండాలి, నిప్పురవ్వ పుట్టించే లోహమేదీ ఉండకూడదు. ఉంగరం, చెవిదుద్దులు, ఫోను అన్నీ బయట ట్రేలో పెట్టి, మాస్కు తగిలించుకుని, చేతులు ముందుకి చాపి రెక్క పొట్టలోకి పాకాలి. నేను లోపల ఉన్నంతసేపూ బయట ఒకరు నిలబడాలి. ఆ నిలబడ్డ మనిషి ఇంకే పనీ చెయ్యకూడదు. టీకి వెళ్ళకూడదు, ఎవరి ఫోనూ ఎత్తకూడదు, పక్కవాడికి స్పానర్ కూడా అందించకూడదు. లోపలి మనిషి గురించి తప్ప మరి దేని గురించీ ఆలోచించకూడదు. మా షెడ్డులో ఆ పని ఎప్పుడూ నిచ్చెనగారిదే. ఆయన పొడుగు చూసి ఎవరో పెట్టిన పేరు. ఆ కన్నంలో ఆయన భుజం కూడా పట్టదు.

నాకు జ్వరం వస్తే మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి, "మాత్ర వేసుకున్నావా?" అని అడుగుతారు. మంచి మనిషే. ఆ వెంటనే, "మరి వంట?" అంటారు. నా కోసమే నిలబడి, ఇంకే పనీ పెట్టుకోకుండా, నేను ఎలా ఉన్నానో కనుక్కునే మనిషి నా జీవితంలో ఎవరైనా ఉన్నారా అంటే, కంపెనీ జీతమిచ్చి పెట్టిన నిచ్చెనగారు ఒక్కరే. ఈ మాట పైకి అంటే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. అందుకే ఎప్పుడూ అనలేదు.

రెక్క లోపల ఎంత బాగుంటుందో ఎవరికీ తెలియదు. బయట నుంచి చూస్తే నున్నటి రేకు. లోపల గది పక్కన గది, గోడకి కన్నం, ఆ కన్నంలోంచి ఇంకో గది, ప్రతి అతుకు మీదా, ఇంధనం కారకుండా, ఎవరో చేత్తో పూసిన సీలెంటు. ఆ చేతులెవరివో తెలియదు గానీ నిదానం తెలుస్తుంది. ఎన్నో లక్షలమంది ఈ రెక్క పైన మబ్బుల్ని చూసి ఫోటోలు తీసుకుని ఉంటారు. లోపల ఇంత పనితనం ఉందని ఒక్కరికీ తెలియకుండానే దిగిపోయి ఉంటారు.

"మేడమ్?" అని పిలిచారు నిచ్చెనగారు.

"బాగున్నాను."

"అది చాలదు. ఏం కనబడుతోందో చెప్పండి."

అది ఆయన సొంత రూలు. ఆవిరి తలకెక్కినవాడు కూడా బాగున్నాననే అంటాడట, బాగున్నాను అంటూనే పడిపోయినవాణ్ణి కళ్ళారా చూశారట. అందుకని ఆయన దగ్గర ఆ జవాబు చెల్లదు. అడిగినప్పుడల్లా కళ్ళ ముందున్నది చెప్పాలి, ఏ కాస్త తేడాగా చెప్పినా బయటికి లాగేస్తారు. "మూడో గది. అతుకు అంచున సీలెంటు ఎండిపోయి లేచింది," అని చెప్పాను. నిప్పురవ్వ రాని టార్చి దగ్గరగా పెట్టి ఆ అంచు మీద వేలు పోనిచ్చాను. వెంట్రుకంత పగులు. ఇంత కాలం ఎండకీ చలికీ సాగుతూ ముడుచుకుంటూ ఆగి, ఇప్పుడు కారింది. దీన్ని పూసి సరిచేస్తాను, ఇంకొన్నాళ్ళు ఎగురుతుంది, ఆ తర్వాత వెళ్ళిపోతుంది. నేను బోల్టులు లెక్కబెడుతూ కూర్చుంటాను. కొత్త విమానం రెక్కలో ఎలా ఉంటుందో నాకు తెలియకుండానే ఈ ఉద్యోగం అయిపోతుంది.

"మేడమ్, ఇప్పుడు?"

"నాకు ఆ ట్రైనింగుకి వెళ్ళాలని ఉంది," అన్నాను. మాస్కులోంచి ముక్కుతో మాట్లాడినట్టు వచ్చింది ఆ మాట. అయినా స్పష్టంగానే వచ్చింది. ఇన్ని రోజుల్లో పైకి అనడం అదే మొదటిసారి.

బయట నుంచి నిచ్చెనగారు గట్టిగా, "వెనక్కి రండి! వెంటనే!" అన్నారు.

"నేను బానే ఉన్నాను..."

"అదే వద్దంటున్నాను. పాకండి!"

కాళ్ళు దొరకగానే రెండు చేతులతో బయటికి లాగేశారు. మాస్కు ఊడదీసి, టూల్‌బాక్సు మీద కూర్చోబెట్టి, మీటరు చూసి, నా కళ్ళలోకి చూశారు. "ఇవాళ వారమేంటి?" గురువారమన్నాను. "మీ అమ్మాయి ఏ క్లాసు?" ఐదన్నాను. "ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టండి." లెక్కపెట్టాను. ఆయన ఇంకా నమ్మలేదు. "మరి ఏం కనబడుతోందంటే ఆ మాటేంటి?"

"నిజమే చెప్పాను సార్. మత్తు కాదు."

ఆయన నెమ్మదిగా ఊపిరి వదిలారు. "నిజమైతే నాకెందుకమ్మా చెప్తున్నారు? నేను ట్యాంకు దగ్గర నిలబడేవాణ్ణి. వినాల్సినవాళ్ళకి చెప్పండి." అని, ట్రే చూపించారు. "మీ ఫోను మోగుతూనే ఉంది. నేను ఎత్తను, తెలుసుగా."

మా ఆయన. వరసపెట్టి చేశారు. నేను చెయ్యగానే, "ఎంతసేపని చెయ్యను?" అన్నారు. "మీ మేనేజరు బ్యాంకులో కనబడ్డారు. లిస్టు ఇవాళే పంపాలట. నువ్వు వెళ్ళట్లేదని చెప్పేశాను. నీకో పని తప్పించాను. ఆయన నీ నోటితో కూడా ఒక మాట అనమంటున్నారు. ఫోన్ చేసి సరే అనేసెయ్."

ఆ గొంతులో చెడ్డతనం ఏమీ లేదు. సాయం చేశానన్న తృప్తి ఉంది. అదే నన్ను భయపెట్టింది. సాయంత్రం ఇంట్లో ఉండి, ఆయన ముఖం చూస్తూ ఉంటే ఆ తృప్తి ముందు నేను మళ్ళీ పర్వాలేదులెండి అనేస్తానని నాకు తెలుసు. "నేనే వెళ్ళి మాట్లాడతాను," అని ఫోను పెట్టేశాను.

మేనేజరుగారి గది కొత్త టెర్మినల్ పైన. మేం పనికి వచ్చేది వెనక గేటు నుంచి, అటువైపు వెళ్ళే పని పడదు. ఎప్పుడు వెళ్ళినా నాకు ఆ చోటు నచ్చుతుంది. కుర్చీల మధ్య అడ్డు చేతులు పెట్టి నడుం వాల్చనివ్వకుండా చేశారు, దుకాణాలు ఎక్కువ, అవి పక్కన పెడితే మనుషులు కట్టిన వాటిల్లో ఇంత దయగల కప్పు ఇంకోటి లేదేమో. ఎంత ఎత్తు, ఎంత వెలుగు. నేల తుడవాల్సింది నేను కాదు. ఒకావిడ చెప్పులు విప్పి, బ్యాగు మీద కాళ్ళు పెట్టుకుని అద్దంలోంచి విమానాలు చూస్తోంది. ఒంటరిగా, ఏ పనీ చెయ్యకుండా. ఎందుకలా కూర్చున్నావని ఎవరూ అడగట్లేదు. ఆడది ఊరికే కూర్చుంటే సంజాయిషీ అక్కర్లేని చోటు నాకు తెలిసి ఇదొక్కటే. ఇంధనం వాసన కొట్టే బట్టలతో ఆవిడ పక్కనుంచి నడిచి మెట్లెక్కాను.

"మీ వారు చెప్పారమ్మా, ఇంటి దగ్గర ఇబ్బందని," అన్నారు మేనేజరు. జాలిగానే అన్నారు.

"లైసెన్సు నా పేరు మీద ఉంది సార్. జవాబు కూడా నేనే చెప్తాను. వెళ్తాను."

సాయంత్రం ఇంట్లో పెద్ద గొడవేం జరగలేదు. జరిగితే బాగుండునేమో. "మీ మేనేజరు ముందు నా పరువేం కావాలి?" అన్నారు మా ఆయన. నాలుగు నెలలు పిల్ల ఎలా అని కాదు, నేను లేకపోతే బెంగ అని కాదు. "నన్ను ఒక్కమాట అడగాల్సింది."

"మీరూ నన్ను అడగలేదుగా."

మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తి, "అమ్మా, కొత్త విమానం ఎలా ఉంటుంది?" అంది. నేను చెప్పాను. రెక్క రేకుతో కాదు, దారాల్లాంటి నల్లటి పోగుల్ని పొరలు పొరలుగా పేర్చి చేస్తారని, ఎగిరేటప్పుడు అది విల్లులా పైకి వంగుతుందని, ఇంజను ఎంత పెద్దదంటే దాని మూతిలో మనం ముగ్గురం నిలబడొచ్చని, అయినా చప్పుడు తక్కువని. చూడకుండానే ఇంత చెప్పగలుగుతున్నానే అని నాకే ఆశ్చర్యం వేసింది. చెబుతుంటే ఒళ్ళంతా సంతోషంగా ఉంది. మా ఆయన వింటూనే ఉన్నారు. ఈసారి "ఊఁ" అనలేదు.

మర్నాడు పొద్దున అన్నం డబ్బా సర్దుకుని, దువ్వెన తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. "పిల్లకి జడలు వెయ్యండి. రెండు వైపులా సమంగా రావాలి, లేకపోతే స్కూల్లో నవ్వుతారంటుంది."

"ఇప్పుడే ఏంటి? నువ్వు వెళ్ళేది వచ్చే నెలగా."

"నాకూ ఒక్కరోజులో రాలేదు," అన్నాను. ఆయన దువ్వెన వైపూ పిల్ల తల వైపూ మార్చి మార్చి చూశారు. పిల్ల అనుమానంగానే వెళ్ళి ఆయన మోకాళ్ళ మధ్య కూర్చుంది. గుమ్మం బయట చెప్పులు వేసుకుంటుంటే, "నాన్నా! లాగకు! అమ్మా, చూడవే!" అని ఏడుపుగొంతు వినిపించింది. "ఎలా పట్టుకోవాలి దీన్ని?" అని ఆయన కూడా నన్నే పిలిచారు. నేను తలుపు దగ్గరగా వేసి, మెట్లు దిగాను.