దాచుకున్న నాలుగోవాడు

టొలీడో హెరాన్స్, అంటే కొంగలు, అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు ఆ ఏడాది లోతు లేదని ఆగస్టు మొదటి వారానికే ఊరంతా తీర్మానించేసింది. మంగలి కుర్చీలో, వేయించిన చేపలమ్మే బండి దగ్గర, చర్చి మెట్ల మీద ఒకటే మాట. బంతిని పొట్టకు హత్తుకుని ఎదుటి గుంపులోకి దూసుకుపోయే రన్నింగ్ బ్యాక్ కూలితే వాడి వెనక ఎవడు, వాడూ కూలితే ఆ వెనక ఎవడు? ఆ వరసకే లోతని పేరు. ఆ వరసలో నిలబడినవాళ్లు మనుషులన్న సంగతి కొలిచేవారికి సాధారణంగా గుర్తుండదు.

లోతెంతో నిజంగా తెలిసిన మనిషి ఊళ్లో ఒక్కతే ఉంది. ఆమె రన్నింగ్ బ్యాక్‌ల కోచ్ వెర్నా స్టోల్ట్జ్. అడగనిదే అభిప్రాయం చెప్పే అలవాటు ఆమెకు లేదు. ఆడమనిషిని ఈ విషయం అడగాలన్న ఆలోచన ఊరికి రాలేదు.

ఆమె లెక్క ఇది. మొదటివాడు బ్రిక్ టాలివర్. ముప్పై దాటాడు, ఈ ఆటలో అది వృద్ధాప్యం. వాన వచ్చేముందు అతని మోకాళ్లకు తెలుస్తుంది. రెండోవాడు ఫోనోటి, తలుపులాంటి మనిషి. అడ్డు నిలబడమంటే కొండలా నిలబడతాడు. పరుగెత్తమంటే కాసేపు ఆలోచిస్తాడు. మూడోవాడు కీగన్ ష్రోడర్. ఎత్తూ అందమూ జుట్టూ అన్నీ ఉన్నాయి. బంతి మాత్రం అతని చేతుల్లో పాదరసం. కొత్త ఆటగాళ్లను పంచుకునే రోజున జనరల్ మేనేజర్ ప్రెస్కాట్ హావర్టీ ఏరికోరి రెండో విడతలోనే తెచ్చుకున్న రత్నం అతను. తన ఎంపిక తప్పని ఒప్పుకోవడం కంటే బంతి ఆకారమే తప్పని నిరూపించడం సులువనుకునే మనిషి హావర్టీ.

నాలుగోవాడు లూషియన్ ప్యూరిఫోయ్. ఏ జట్టూ ఏరుకోని ఊరి కుర్రాడు. నీళ్లు పల్లం వెతుక్కున్నట్టు అతను దారి వెతుక్కుంటాడు. వెతుకుతున్నట్టు కూడా కనిపించడు. అంతటి పరుగు వెర్నా తన కెరీర్ మొత్తంలో రెండోసారి చూడలేదు. కానీ జట్టులో రన్నింగ్ బ్యాక్‌లకు ఉన్న చోట్లు మూడే.

అందుకే ఆమె కొంగజపం మొదలుపెట్టింది. ఈ వృత్తిలో అది పాత ఆచారం. సీజన్‌కు ముందు జరిగే ఆటలన్నీ మిగతా జట్ల గూఢచారులు చూస్తారు. వదిలేసిన ఆటగాడిని ఒక రోజు లోపల ఎవరైనా ఎగరేసుకుపోవచ్చు. ఎవరూ అడగకపోతే పాత జట్టే అతన్ని, ఆ మూడు చోట్ల లెక్కలోకి రాని సాధన బృందంలోకి తెచ్చుకోవచ్చు. కనుక మంచివాడిని ఆడించకూడదు. ఆడకపోతే వీడియో ఉండదు, వీడియో లేనివాడు లోకంలో లేనివాడే. లూషియన్‌కు ఈ సంగతి చెప్పి, ఎవరితోనూ అనవద్దంది. ఎవరితోనూ అంటే నానమ్మతో తప్ప అని విడిగా చెప్పాలని ఆమెకు తోచలేదు. అతను మాత్రం ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించి, నానమ్మకు కూడా చెప్పలేదు.

ఫలితం గురువారం ఉదయం, వెర్నా కారు రేడియోలో వినిపించింది. హెరాన్స్ లోతు మీద చర్చ నడిపే హాంక్ డ్యూబెక్ కార్యక్రమానికి ఎవరో పెద్దావిడ ఫోన్ చేసింది.

"ఇదిగో బాబూ, నేను ఓడెస్సా ప్యూరిఫోయ్‌ని. లోతు లేదు లోతు లేదని పొద్దుట్నుంచీ ఒకటే గోల. ఉన్న లోతునంతా తీసుకెళ్లి బెంచీ మీద కూచోబెడితే ఎక్కణ్ణుంచొస్తుంది?"

"మీ మనవడి సంగతేనా, మిస్ ఓడెస్సా?"

"మనవడైతే ఏం? సూర్యుడు నాకు చుట్టమైతే ఎండ కాయడం మానేస్తాడా? వాడు కుడికి చూసి ఎడమకి తిరుగుతాడు, రాసుకో. చిన్నప్పుడు స్నానానికి లాక్కెళ్దామని ఇల్లంతా తరిమేదాన్ని. ఒక్కనాడు దొరకలేదు."

"మరి స్నానం?"

"వాడికి బుద్ధి పుట్టినప్పుడు."

హాంక్ నవ్వు ఆపుకోలేక ప్రకటనలకు వెళ్లాడు. వెర్నా కారు పక్కకు ఆపింది. ఆ కార్యక్రమం పొరుగు రాష్ట్రం మిషిగన్ దాకా వినిపిస్తుంది. కుడికి చూసి ఎడమకి తిరిగే సంగతి అక్షరాలా నిజం.

సాయంత్రం ఆమె చర్చికి వెళ్లింది. మిస్ ఓడెస్సా అక్కడి గాయకబృందానికి నాయకురాలు. సాధన జరుగుతోంది. ఆమె చూపుడువేలు లేస్తే హాలు నిండా స్వరం నిండింది, వేలు మడిస్తే కత్తిరించినట్టు ఆగింది. హెరాన్స్ మైదానంలో అంతటి క్రమశిక్షణను వెర్నా ఎన్నడూ చూడలేదు.

"రా కోచమ్మా. మావాణ్ణి ఆడించడం మర్చిపోయిన మనిషివి నువ్వేగా?"

"మర్చిపోలేదు, మిస్ ఓడెస్సా. దాచాను."

వెర్నా ఆచారమంతా వివరించింది. దాచడమంటే అవమానం కాదని, అంతకు మించిన గౌరవం తన చేతిలో లేదని చెప్పింది. పెద్దావిడ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాకుండా విని, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అర్థమైంది. నేనూ దాచాను ఒకదాన్ని. రెనెటా అని, గొంతు విప్పితే కిటికీ అద్దాలు వణికేవి. డెట్రాయిట్ పెద్ద చర్చీ నుంచి పాస్టరుగారు వచ్చినప్పుడల్లా దాన్ని వెనక వరసలో నిలబెట్టి, నెమ్మదిగా పాడమనేదాన్ని."

"ఆయన తీసుకెళ్లిపోయాడా?"

"ఆయనకసలు తెలిస్తేగా. పిల్లే మానేసింది. నా గొంతు బాగోలేదు కాబోలు, అందుకే వెనక నిలబెడుతున్నారనుకున్నానంది. ఇప్పుడు పళ్ల డాక్టరు దగ్గర చీటీలు రాస్తోంది. స్నానాలగదిలో కూడా పాడదట."

పెద్దావిడ లేచి కుర్చీని గోడవారకు నెట్టింది.

"అయినా నీ పని నీకు తెలుసులే. శనివారం ఆట అయిపోయేదాకా నోరు విప్పను. మాటంటే మాటే."

మాట పుచ్చుకుని వచ్చిన మనిషికి ఉండవలసిన నిశ్చింత వెర్నాకు దక్కలేదు. వాదంలో ఓడిపోవడం ఆమెకు అలవాటు లేదు. వాదించకుండానే ఓడిపోవడం అసలే లేదు. ఇంటిదాకా ఆమె కారును అవసరానికి మించిన కోపంతో నడిపింది.

శనివారం మధ్యాహ్నం, సీజన్‌కు ముందరి ఆఖరి ఆట. పైన అద్దాల గదిలో గూఢచారులు బారులుతీరి కూర్చుని మిరప మాంసం పోసిన హాట్‌డాగ్‌లు తింటున్నారు. బ్రిక్ మోకాళ్లకు ఆనాడు విశ్రాంతి. లూషియన్ మామూలుగానే బెంచీ చివర ఉన్నాడు. ప్రేక్షకుల్లో ఊదారంగు అంగీలతో గాయకబృందమంతా ఒకే వరుసలో కూర్చుంది. ముందు మిస్ ఓడెస్సా, బిగించిన పెదవులతో.

ఫోనోటి రెండు పిక్కలూ ఒకేసారి పట్టేసి తలుపు ఊడిపడినట్టు పడ్డాడు. నలుగురు మోయబోయి, ఆరుగురయ్యారు. ఆ తర్వాత కీగన్ బంతిని జారవిడిచాడు. మళ్లీ జారవిడిచాడు. మూడోసారి మాత్రం పట్టుదలగా దాని మీదే పడ్డాడు. బంతి డొక్కలో గుచ్చుకుని ఊపిరాడక వెల్లకిలా తిరిగాడు. ప్రాణానికేమీ భయం లేదని వైద్యుడు చేయెత్తి చూపించాడు.

అప్పుడు మిస్ ఓడెస్సా లేచి నిలబడింది. నోరు విప్పలేదు. చూపుడువేలు మాత్రం పైకెత్తింది.

"లూ-షి-యన్" అని మంద్రంలో మగగొంతులు లేచాయి. వాటి మీద ఆడగొంతులు మెట్లెక్కాయి. నాలుగు శ్రుతుల్లో ఆ పేరు మైదానమంతా పాకింది. పక్క వరుసవాళ్లు అందుకున్నారు, ఎదుటి గట్టువాళ్లు అందుకున్నారు, కొంగ వేషం వేసుకున్నవాడు తాళం వేశాడు, చివరికి ఎదుటి జట్టు అభిమానులు కూడా రాగం బాగుందని కలిశారు. పెద్దావిడ ఎడమచేత్తో వాళ్లను కాస్త తగ్గించి, కుడిచేత్తో తన బృందం గొంతును పెంచింది.

వెర్నా చెవిలోని యంత్రంలో ప్రధాన కోచ్ గొంతు పలికింది. "నీ దగ్గర ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు."

"ఎవరూ లేకపోతే ఈ పాటంతా ఎవరి మీద, వెర్నా? పంపించు."

వెర్నా లూషియన్ హెల్మెట్‌ను రెండు చేతులా పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "విను. మొదటి చెయ్యి తగలగానే పడిపో. మెరుపులూ ఉరుములూ వద్దు. పైనవాళ్లు తిండి మీద నుంచి తలెత్తకూడదు."

"నానమ్మ చూస్తోంది, కోచ్."

"తెలుసు."

"చెయ్యి తగలగానే పడిపోవాలి. అంతేగా?"

"అంతే."

బంతి అతని చేతికి వచ్చింది. కుడికి చూశాడు. ఎదుటి పదకొండుమందీ కుడికి నమ్మారు. అతను ఎడమకు తిరిగాడు. ఒక చెయ్యి చాచుకుంటూ వచ్చి గాలిని పట్టుకుంది. మరొకటి తన జట్టువాడినే పట్టుకుంది. ఒకడు అతని మీదికి దూకి, అతను ఒక్క క్షణం ముందు ఉన్న చోట చక్కగా పడ్డాడు. మైదానం నడుమకు వచ్చాక లూషియన్ వేగం తగ్గించి వెనక్కి చూశాడు, ఎవరైనా వస్తారేమో, మర్యాదకు ఆగుదామన్నట్టుగా. ఎవరూ రాలేదు. ఇక చేసేదేమీ లేక ఆ చివరి గీత దాటి, బంతిని గడ్డి మీద నెమ్మదిగా ఆనించి పెట్టాడు.

స్టేడియం కప్పు లేనిది కనుక బతికిపోయింది.

అతను పరుగున తిరిగివచ్చి ఆమె ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు. "కోచ్, ఎవ్వరూ ముట్టుకోలేదు."

"చూశాను."

కోప్పడాలని నోరు తెరిచింది. బయటికి వచ్చింది కోపం కాదు, నవ్వు. ఆ నవ్వు ఎక్కిళ్లదాకా పోయింది. పైన అద్దాల గదిలో ఒక్కడూ తినడం లేదు. అందరి చెవుల దగ్గరా ఫోన్లున్నాయి.

జట్టులో చోటు లేనివాళ్లను వదిలేసే కుదింపు రోజు పొద్దున హావర్టీ గదిలో ఆయన ఫోన్ బల్ల మీద దానంతటదే జరుగుతూ మోగుతోంది. ఆయన దాన్ని పాముని చూసినట్టు చూస్తున్నాడు.

"ప్యూరిఫోయ్‌ని వదిలితే కాఫీ చల్లారేలోపు ఎత్తుకుపోతారు" అన్నాడు.

"పోతారు."

"వదలకపోతే చోటు లేదు. ముగ్గురే. బ్రిక్ ఉండాలి. ఫోనోటి ఉండాలి. కీగన్‌ని నేనే..." ఆయన వాక్యం పూర్తి చేయలేదు. ఆ వాక్యాన్ని ఆయన ఇంతకుముందు కూడా ఎన్నడూ పూర్తి చేయలేదు.

వెర్నా అప్పటివరకూ కోపాన్ని మడతపెట్టి దాచుకుంది. ఒక కుర్రాడి బతుకును ఒక పెద్దమనిషి పరువుతో తూకం వేస్తున్నారు. రెండూ ఒకే బరువన్నట్టు మాట్లాడుకుంటున్నారు. అరిస్తే ఆమెను బయటికి పంపడం ఆయనకు సులువు. కనుక ఆమె అరవలేదు.

"కీగన్‌ని వదలండి."

"నా రెండో విడత ఆటగాడు, వెర్నా. ఎవరైనా లాక్కుపోతే నా పరువేమిటి?"

"ఎవరు లాక్కుపోతారు? శనివారం ఆటను అందరూ చూశారుగా. కీగన్‌ని మనం దాచినంత గట్టిగా ఏ జట్టూ ఏ ఆటగాడినీ దాచలేదు సార్. అందరి ముందూ ఆడించి మరీ దాచాం. ఒక్క రోజు ఆగండి. ఎవరూ అడగరు. రేపు సాధన బృందంలోకి తెచ్చుకుందాం. బంతి పట్టుకోవడం నేను నేర్పుతాను."

హావర్టీ మోగుతున్న ఫోన్‌ను బోర్లించాడు. ఇది ఎగతాళా, సలహానా తేల్చుకోలేకపోయాడు. రెండూ కావచ్చని ఆయనకు తట్టలేదు. చివరికి ఆయన ముఖం మెల్లగా వెలిగింది; ఆ ఆలోచన అప్పటికే ఆయనదైపోయింది.

మధ్యాహ్నానికి విలేకరుల ముందు, లోతు అనేది ఒక దృష్టి అని, తన దృష్టి మొదటినుంచీ ఇదేనని ఆయన సెలవిచ్చాడు. కీగన్‌ను ఏ జట్టూ అడగలేదు. అతను మర్నాడు వచ్చి, మంచి పిల్లాడు కనుక, వెర్నాకు కృతజ్ఞతలు చెప్పాడు.

ఆ మధ్యాహ్నం విలేకరుల దగ్గరికి వెళ్లకుండా వెర్నా మెట్లు దిగి ఆటగాళ్ల గదికి వెళ్లింది. కుదింపు రోజున కోచ్ వస్తే, వ్యూహాల పుస్తకం అప్పగించి వెళ్లిపోవాలి, అదక్కడి ఆనవాయితీ. లూషియన్ బూట్లు కట్టుకుని, సంచీ సర్దుకుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమెను చూడగానే లేచి రెండు చేతులా అందించాడు.

"లోపల పెట్టుకో" అంది వెర్నా.

"కోచ్?"

"మూడోవాడివి. నాలుగోవాడు లేడు."

అతను పుస్తకం తెరిచాడు, మూశాడు, తలకిందులుగా పట్టుకుని మళ్లీ తెరిచాడు.

"నిన్న నేను పడిపోవాల్సింది కదా?"

"శనివారం. అవును, పడిపోవాల్సింది. పడి ఉంటే ఇవాళ నిన్ను మళ్లీ దాచే తప్పు చేసేదాన్ని, దానికి తెలివి అని పేరు పెట్టుకునేదాన్ని." ఆమె పుస్తకాన్ని సరిగ్గా తిప్పి అతని చేతిలో పెట్టింది. "ఇంకెప్పుడూ నిన్ను పడమని చెప్పను."

"నాకిప్పుడు పరుగెత్తాలనుంది, కోచ్."

"ఇక్కడా? ఇప్పుడే నేల తుడిచారు. జారతావు. బయటికి పో."

అతను సంచీని బంతిలా పొట్టకు హత్తుకుని పరుగెత్తాడు. కార్లు నిలిపే చోట, కార్ల మధ్య, వాటి చుట్టూ, ఎవరో తెరిచిన తలుపును తప్పుకుంటూ, ఎవరూ వెంటపడకుండానే తప్పించుకుంటూ పరుగెత్తాడు. బ్రిక్ టాలివర్ కారు దిగి ఈల వేశాడు. వెర్నా కిటికీ పైకెత్తి, తల బయటపెట్టి, ఎక్కిళ్లు మళ్లీ మొదలయ్యేలోపు గట్టిగా చెప్పింది.

"మోచెయ్యి లోపలికి."