అద్దం ఉంటేనే

ముత్యం ట్రాక్టర్ ఎక్కక రెండేళ్లు కావస్తోంది. ఖానాపూర్ చుట్టుపక్కల ఆయనంత నున్నగా దున్నేవాడు లేడని పేరు. ఇప్పుడా బండిని కిరాయి డ్రైవర్లు గేర్లు విరగ్గుంజి, గట్లు చెక్కి నానా హింస పెడుతుంటే, గట్టు మీద కూర్చుని పళ్లు కొరుక్కుంటాడే తప్ప "దిగు" అని ఒక్క మాట అనడు.

ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. ముందటేడాది దసరాకు ట్రాక్టర్‌కు పూజ చేసి బంతిపూల దండ వేశారు. అది వెనక చూసే అద్దాన్ని పూర్తిగా కప్పేసింది. మర్నాడు దండ తీయకుండానే ముత్యం ట్రాలీని వాకిట్లోకి వెనక్కి తెచ్చాడు. వెనక కూతురు నవత ఉంది. "ఆగు బాపూ!" అని గొంతు చించుకుంది. ఇంజిన్ మోతలో ఆయనకు వినబడలేదు. చక్రం ఆమె ఎడమ పాదం మీదికెక్కింది. పాదం దక్కింది గానీ నడకలో కుంటు మిగిలింది.

నవతకు ఆ కుంటు అలవాటైపోయింది. తండ్రి దిగులే అలవాటు కాలేదు. కాలు నాది, కుంటేది నేను, మధ్యలో ఈయన ఇట్లా చతికిలబడటమేమిటని ఆమెకు ఒళ్లు మండేది. ఆ మంట కింద బోలెడంత జాలి ఉండేది. ఈ వానాకాలం నాట్లకు ముందే బాపును మళ్లీ బండెక్కించాలని పంతం పట్టింది.

బతిమాలితే వినే మనిషి కాడు. అందుకే తన కంప్యూటర్‌లో ట్రాక్టర్ నడిపే ఆట ఒకటి ఎక్కించింది. ఆటలోనైనా ఒకసారి పొలంలోకి దిగితే, అసలు బండి మీదికి మనసు పోకపోతుందా అని ఆమె ఆశ. కంప్యూటర్ చూస్తే లేగదూడ, ఆట చూస్తే రెండెడ్ల బరువు. అయినా పెట్టింది.

"గిదేందే, అచ్చం మన బండి లెక్కనే ఉన్నది!" అంటూ ముత్యం తనంత తానే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. రెండు వేళ్లతో మీటలు నొక్కాడు. ట్రాక్టర్ కదిలింది, ఆగింది, ఎగిరింది, మళ్లీ ఆగింది.

"గిది దున్నుతుందా, దగ్గుతుందా?"

"పిండి కొద్దీ రొట్టె బాపూ. జర కొన్ని తీసేయాలె" అని నవత గ్రాఫిక్స్ సెట్టింగ్స్ తెరిచింది. సెకనుకు ఎన్ని బొమ్మలు మారుతున్నాయో చెప్పే అంకె తెర మూలన ఉంది: ఇరవై రెండు. అది పెరిగితేనే ఆట సాఫీగా సాగేది. నీడలు తగ్గించింది. గడ్డి సగం చేసింది. దూరపు చెట్లు, మబ్బులు తగ్గించింది. అంకె ముప్పై ఒకటికి పాకి అక్కడే మొండికేసింది. ఇక మిగిలింది అద్దాలు. బరువంతా వాటిదే. అద్దంలో ఊరిని ఇంకోసారి గీయాలి మరి. అవీ తీసేసింది. అంకె ఒక్కసారిగా యాభై దాటింది.

ట్రాక్టర్ వెన్నలా సాగింది. ముత్యం నాలుగు సాళ్లు గీత గీసినట్టు దున్నాడు. నవత ముఖం వెలిగిపోయింది. ఐదో సాలు అయ్యాక ట్రాలీని కొట్టంలోకి వెనక్కి పెట్టాలి. ఆయన అలవాటుగా అద్దం వైపు చూశాడు. అద్దం బూడిద రంగులో గుడ్డిగా ఉంది.

వేళ్లు మీటల మీంచి లేచాయి.

"బిడ్డా, అద్దమేది?"

"అది పెడితే బండి ఆగుకుంట ఆగుకుంట పోతది బాపూ. ఆటనే గదా, వెనుక ఎవలుంటరు?"

అన్నాక నాలుక కరుచుకుంది. ముత్యం లేచి నిలబడ్డాడు.

"అద్దం లేకుంటే నేను నడప."

బతిమాలితే మళ్లీ రెండేళ్లు పోతాయని నవతకు తెలుసు. తెర వైపు తిరిగింది. అద్దాలు పూర్తిగా పెట్టింది. మిగతావన్నీ అట్టడుగుకు తోసింది. నీడలు పోయాయి, గడ్డి పోయింది, చెట్లు పచ్చటి ముద్దలయ్యాయి, ఆకాశానికి ఒక్క పూత సున్నం కొట్టినట్టయింది. అంకె నలభై దగ్గర నిలబడింది.

"రా బాపూ."

"ఊరంత బోడిగైంది గదనే!"

"అయితేంది? అద్దంల సూడు."

చూశాడు. ట్రాలీ వెనక భాగం, దాని వెనక దారి తేటగా ఉన్నాయి. కూర్చున్నాడు. మొదటిసారి ట్రాలీ అడ్డం తిరిగింది, రెండోసారి గోడకు తగిలింది. మూడోసారి కొట్టంలోకి తిన్నగా వెళ్లింది. "ఎవ్వరు లేరు" అన్నాడు మెల్లగా, అద్దంలోకి చూస్తూనే. కళ్లలో నీళ్లు నిండాయి. "గా దినం దండ తీసి సూస్తే అయిపోతుండె, బిడ్డా."

రెండేళ్లలో ఆ మాట ఎత్తడం అదే మొదలు. నవతకూ ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"గా దినం తియ్యలే బాపూ. ఇగ రోజూ తుడుసుకో."

మర్నాడు పొద్దున ముత్యం తువ్వాలతో ట్రాక్టర్ అద్దం తుడిచాడు, రెండుసార్లు. ఎక్కి స్టార్ట్ చేశాడు. ట్రాలీ తగిలించాలంటే బండి వెనక్కి రావాలి. నవత కుంటుకుంటూ వచ్చి ట్రాలీ పక్కన, బండికి వెనకగా నిలబడింది.

"పక్కకు జరుగు బిడ్డా!" అని కేకేశాడు.

"అద్దంల కనవడుతున్ననా?"

"కనవడుతున్నవ్."

"అయితే రా. రానియ్... రానియ్..."

జానెడు జానెడుగా ట్రాక్టర్ వెనక్కి వచ్చింది. ఇంజిన్ ఆనాటిలాగే మోత పెడుతోంది. నవత గొంతు పెంచలేదు, చెయ్యి మాత్రం ఎత్తింది.

"ఆగు బాపూ."

ట్రాక్టర్ ఆగింది.