భూమవ్వ రుద్దిన గింజలు

ప్రమోదినికి కోపం వస్తే నోరు లేవదు, చేతులు లేస్తాయి. అంటే కొట్టడానికి కాదు, పనికి. ఆ రోజు కరీంనగర్ కాలేజీ ల్యాబ్‌లో వచ్చింది అలాంటి కోపమే. ఆమె గైడు శ్రీధర్‌రావు ప్రాక్టికల్ పరీక్షలకు ఎగ్జామినర్‌గా హైదరాబాద్ నుంచి వచ్చాడని తెలిసి, ఆదిలాబాద్‌లో పొద్దున్నే బస్సెక్కి స్లైడ్ల డబ్బాను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని వచ్చింది. ఆయన మైక్రోస్కోపులోకి ఒక్కసారి వంగి చూసి, లేచి, తీరిగ్గా కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"నీ యాంటీబాడీ దేనికి పడితే దానికి అంటుకుంటున్నదమ్మా. పరీక్షలయ్యేదాక ఈడనే ఉంట. ఆదివారంలోపు పొడిగింజది మచ్చలేని స్లైడు చూపియ్యి. లేకుంటే టాపిక్ మార్చుకో, ఈ యాంటీబాడీ మందు ఇంకో స్టూడెంటుకు తెప్పిస్త."

ప్రమోదిని ఆదిలాబాద్ డిగ్రీ కాలేజీలో బాటనీ చెబుతుంది. పాఠాలు చెప్పుకుంటూనే పీహెచ్‌డీ చేస్తోంది. ఆ టాపిక్ కోసం గైడు చుట్టూ ఎంత తిరిగిందో ఆమె చెప్పులకే తెలుసు. కణం రెండుగా చీలే ముందు తన డీఎన్ఏ మొత్తానికి నకలు తీసుకుంటుంది. ఆ పనిలో ఉండే ప్రోటీన్లలో ఒకదాన్ని మాత్రమే గుర్తుపట్టి పట్టుకునే మోనోక్లోనల్ యాంటీబాడీ అప్పటికి పైదేశాల్లో దొరుకుతోంది. ఒకే కణం సంతతి తయారుచేసినది కాబట్టి దానికి ఆ ఒక్క ప్రోటీనే కావాలి, మిగతావాటి జోలికి పోదు. అది పట్టుకున్న చోట గోధుమరంగు తేలేలా చేస్తే, ఏ కణం నకలు పనిలో ఉందో మామూలు మైక్రోస్కోపులోనే కనిపిస్తుంది. జంతువుల కణాల్లో పనిచేసే ఈ మందు మన పత్తిలోనూ పనిచేస్తుందని చూపించాలన్నది ప్రమోదిని పంతం. నానబెట్టిన గింజ వేరుమొనలో రంగు రావాలి. పొడిగింజ నిద్రలో ఉంటుంది కాబట్టి దానిలో రాకూడదు. తీరా చూస్తే రెండింట్లోనూ వచ్చింది. అక్కడే వచ్చింది చిక్కు.

తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి ఒకటే ఆలోచన. కొన్నిసార్లు మొక్క కణాలు వాటంతట అవే ఆ రంగు తెప్పిస్తాయి. ఆ అనుమానం ఆమెకు ముందే వచ్చి, యాంటీబాడీ వేయకుండా ఒక స్లైడు చేసి చూసింది, రంగు రాలేదు. అంటే రంగు యాంటీబాడీ వల్లే. ఇక మిగిలినవి రెండే దారులు. యాంటీబాడీ అబద్ధమైనా చెబుతుండాలి, గింజ నిద్రలో లేకుండా అయినా ఉండాలి. మొదటిదేనని గైడు తేల్చేశాడు. రెండోదాన్ని ఎవరూ అడగలేదు. బుడ్డిలో ఒక్క స్లైడుకు సరిపడా మందే మిగిలింది, దాన్ని వాడేముందు గింజ సంగతేమిటో కనుక్కోవాలనుకుంది.

గింజలిచ్చింది భూమవ్వ. ఆదిలాబాద్ పక్క పల్లెలో పత్తి వేసే రైతు, ఆమె కూతురు ప్రమోదిని దగ్గర చదివింది. విత్తనాల కాలంలో, చేన్లో వేసుకునే మంచి గింజలు కొన్ని ఇవ్వమని ప్రమోదిని అడిగితే, నున్నగా, దేనికది విడివిడిగా ఉన్న గింజలు మూటగట్టి పంపింది. ఎంత శుభ్రంగా ఉన్నాయో అని ప్రమోదిని మురిసిపోయింది కూడా. ధర్మపురి దిక్కు భూములున్న ఇంట్లో పుట్టిందే కానీ, విత్తనం వేసే వేళ చేను గట్టు తొక్కిన పాపాన పోలేదు. ఆ ఇళ్లల్లో ఆడపిల్లలకు పత్తి అంటే చీర కట్టాక తెలిసేదే.

మర్నాడు ప్రమోదిని తన వాకిట్లోకి రాగానే భూమవ్వ కుర్చీ వేసి చాయ్ పెట్టింది. గింజలను ఎట్లా దాచినవని ప్రమోదిని అడిగేసరికి పెద్దావిడ మొహం చిన్నబోయింది. తనిచ్చిన గింజ మొలవలేదేమో, కాలేజీలో పరువు పోయిందేమో అనుకుంది. అదేం లేదని ప్రమోదిని నచ్చజెప్పాకే నోరు విప్పింది.

"పేడనీళ్లల్ల కలిపి, బూడిదేసి, నులక మంచం మీద మంచిగ రుద్దిన బిడ్డా. రాత్రంత తడి గోనె కింద పెట్టి, తెల్లారి నీడకు ఆరబోసిన. పంతులమ్మకు పంపేటియి, నూగుతోని పంపుతనా?"

పత్తిగింజకు ఒళ్లంతా నూగు. ఒకదాన్నొకటి పట్టుకుని చేతికి విడిగా రావు. అందుకే ఆ చుట్టుపక్కల విత్తే ముందు ఇలా రుద్దుతారు, రుద్దని గింజ ఒకరికి ఇవ్వడం నామోషీ. ఇది తెలియని వాళ్లు ఆ జిల్లాలో ఎవరైనా ఉన్నారంటే అది బాటనీ లెక్చరరే. ప్రమోదినికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది, ఆ వెంటనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రాత్రంతా తడిలో ఉండి గింజ మేలుకుందన్నమాట. నకలు పనికి సిద్ధమైందో, మొదలే పెట్టిందో, అంతలో ఆరబోశారు. పొడిగింజ అని తను అనుకున్నది సగం లేచి కూర్చున్న గింజ!

అయితే అనుకోవడం వేరు, చూపించడం వేరు. అదే పంటవి రుద్దని గింజలు కావాలంది. అవి ఉన్నాయి కానీ బర్రెకు దాణాగా ఉంచినవి. బర్రెకు పెట్టేవి నీకెట్లియ్యాలని భూమవ్వ చాలాసేపు మొరాయించింది. ప్రమోదిని తనే లేచి గంపలోంచి గుప్పెడు తీసుకుంది.

ఆ వారమంతా క్లాసులు అవడమే ఆలస్యం, తన కాలేజీ ల్యాబ్‌లో చేరేది. రుద్దిన గింజ ముక్కనూ, రుద్దని గింజ ముక్కనూ ఒకే గాజుపలక మీద పక్కపక్కన పెట్టింది. ఒకే మందు, ఒకే నీళ్లు, ఒకే రంగు, ఎవరికీ పక్షపాతం లేకుండా. బుడ్డి వంచి ఆఖరి చుక్క వరకూ రాల్చింది. కడిగి, రంగు తెప్పించి చూస్తే రుద్దిన దాని కేంద్రకాలు గోధుమరంగులో ఉన్నాయి. రుద్దనిది కడిగిన పళ్లెంలా ఉంది. సంతోషం పట్టలేక ఖాళీ ల్యాబ్‌లో గట్టిగా నవ్వేసింది.

శనివారం కరీంనగర్ ల్యాబ్‌లో శ్రీధర్‌రావు ఆ స్లైడు చూసి ఈసారి కళ్లద్దాలు తుడుచుకోలేదు. కథంతా విన్నాడు. మంచిగ వచ్చిందని మెచ్చుకుని, మందు మళ్లీ తెప్పిస్తానన్నాడు.

"రుద్దని గింజ, నానబెట్టిన గింజ, ఈ రెండు పెట్టు. చాలు. ఆ రుద్దిన దాని ముచ్చట రాయకు. పేడ, బూడిద అంటే వైవా బోర్డుల నవ్వుతరు."

ఆమె దేనికోసం వచ్చిందో అదంతా దొరికినట్టే. సరే సార్ అంటే అయిపోయేది. ప్రమోదిని స్లైడ్ల డబ్బా మూత పెట్టి, మళ్లీ తీసింది.

"లేదు సార్. పొడిగింజ నిద్రపోతదని అందరికి ఎరుకే. ఒక రాత్రి లేచి, మల్ల ఎండినంక గూడ ఆ ప్రోటీన్‌ను విడువకుండ పట్టుకొని కూసున్నది ఈ గింజ. నా టాపిక్ గిదే. నవ్వేటోళ్లు నవ్వనియ్యుండ్రి."

"మందు తెప్పియ్యనంటే?"

"తెప్పిచ్చేదాక అడుగుత సార్."

పరీక్షకు పిల్లలు తలుపు దగ్గర గుమిగూడారు. ప్రమోదిని అక్కడి నుంచి కదల్లేదు. శ్రీధర్‌రావు పిల్లలను ఆగమని చెయ్యి ఊపి, మళ్లీ మైక్రోస్కోపు మీదికి వంగాడు. స్లైడును మెల్లగా రుద్దిన గింజ వైపుకు జరిపాడు.

"తడి గోనె కింద ఎన్ని గంటలుంచిందట?" అని అడిగాడు, కన్ను తీయకుండానే.

"తెల్వదు సార్," అంది ప్రమోదిని. "రేపు పోయి అడుగుత."