నారదుడంత బరువు

నేను ఒక ఇసుక మూటను. మూటే కదా అని పేజీ తిప్పేయకండి. నాటకంలో నారదుడు స్టేజీ మీదనుంచి ఆకాశంలోకి ఎగిరిపోతుంటే నోరు తెరుచుకుని చూస్తారే, ఆయన్ను ఎగరేసేది తపశ్శక్తి కాదు, నేను. మోకుకు ఒక కొసన ఆయన, రెండో కొసన నేను, మధ్యలో దూలానికి ఒక కప్పీ. పక్క తెర వెనక నేను కిందికి దిగితే తెర ముందు ఆయన పైకి పోతాడు. చప్పట్లు ఆయనకు, దుమ్ము నాకు. అయినా నాకు ఫిర్యాదేమీ లేదు. బరువుగా ఉండటమే నా ఉద్యోగం, ఆ పని నాకు బాగా వచ్చు.

శ్రీ మణిమేఖలా నాట్యమండలి అని ఒక కుటుంబ సమాజం ఉంది. తాతలు, మనవలు, కోడళ్ళు అందరూ వేషాలు కట్టేవాళ్ళే. ఏలూరు మకాంలో గాలివానకు వాళ్ళ గుడారం చినిగిపోతే, పనికొచ్చిన గుడ్డను రత్నమ్మగారు దబ్బనంతో, పురికొసతో రెండు పొరలుగా కుట్టింది. అలా పుట్టాను. ఆవిడ కొడుకు కోటిలింగం అప్పుడు చిన్నపిల్లవాడు. బాలకృష్ణుడి వేషంలో వాణ్ణి ఎగరేయడానికే నన్ను కుట్టారు. గోదావరి ఇసుక తెచ్చి, వాడెంత బరువున్నాడో నన్నూ అంత బరువు చేశారు. వాడికంటే ఒక పిసరు తక్కువే ఉంచారనుకోండి. ఆ పిసరును మోకు లాగేవాళ్ళ చేతులు పూడుస్తాయి. నేనే ఎక్కువైతే పిల్లవాడు తారాజువ్వలా పోయి దూలానికి తల కొట్టుకుంటాడు, మోకు పట్టుకున్నవాళ్ళ అరచేతుల తోలు ఊడొస్తుంది.

పిల్లవాడన్నాక పెరగక మానడు. వాడు పెరిగినప్పుడల్లా రత్నమ్మగారు వాడిచేతే నాలో గుప్పెడు ఇసుక పోయించేది. మకాం ఎక్కడుంటే అక్కడి నది ఇసుక. బెజవాడలో కృష్ణ, నెల్లూరులో పెన్న, శ్రీకాకుళంలో నాగావళి, అన్నీ నా కడుపులోకి చేరాయి. బాలకృష్ణుడు లవుడయ్యాడు, లవుడు అర్జునుడయ్యాడు, మీసాలు నెరిశాక నారదుడయ్యాడు. పెళ్ళయిన ఏడాది నేను అమాంతంగా రెండు చెంబులు బరువెక్కాను. కొత్త కోడలి చేతి వంట అలాంటిది మరి.

మా ఇద్దరి మధ్య ఒక సరదా ఉండేది. ఆయన పైకి, నేను కిందికి వెళ్ళేటప్పుడు నడిమధ్యలో ఒక్క క్షణం ఎదురెదురవుతాం. ఆయన వెలుతుర్లో, నేను చీకట్లో. ఆ క్షణంలో కోటిలింగం జనానికి కనపడకుండా తల తిప్పి నాకు కన్ను గీటేవాడు. ఇన్నేళ్ళలో ఒక్క ఆటలోనూ మరిచిపోలేదు. నాకు వచ్చిన చప్పట్లు అవే.

ఇప్పుడు సమాజం ఊళ్ళు తిరగడం మానేసి, హైదరాబాదు శివార్లలో మేడ్చల్ దాటాక ఒక రేకుల షెడ్డులో స్థిరపడింది. కోటిలింగం కూతురు సత్యవేణి సమాజాన్ని నడుపుతుంది, మోకు కూడా ఆమే లాగుతుంది. నాన్నను వేరేవాళ్ళ చేతుల్లో పెట్టదు. వేషం కట్టమంటే అందరూ ముందుకొస్తారు, మోకు లాగమంటే ఎవరొస్తారు? ఆ పిల్ల వచ్చింది. ఆ కాయలు కాచిన చేతులంటే నాకు గౌరవం.

తేడా ఎక్కడ మొదలైందంటే కోటిలింగం పళ్ళ దగ్గర. ఒక్కొక్కటే ఊడి అన్నీ అయిపోయాక కట్టుడు పళ్ళు పెట్టించారు. అవి సరిగా కుదరలేదు. నలుగురిలో పెట్టుకుని తిరుగుతాడు గానీ, నమిలితే చిగుళ్ళు ఒరుసుకుపోతాయి. మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళి సరిచేయించుకోవచ్చు కదా అంటారా? దూలం ఎత్తున వేలాడటానికి భయపడని మనిషికి ఆ డాక్టరు కుర్చీ అంటే వణుకు. అందుకని 'నారదుడి వేషం కట్టేవాడు ఏకాంతంలో ఫలహారం చేయాలి, అది నియమం' అని ఒక నియమం సృష్టించి, గది తలుపేసుకుని రాగిజావ తాగి పడుకునేవాడు. మనుషులు తమ భయానికి పెట్టే పేర్లు ఎప్పుడూ గొప్పగానే ఉంటాయి.

జావతో మనిషి చిక్కకుండా ఉంటాడా? వదులు జుబ్బా, పైన కండువా. రోజూ చూసే మొహంలో మార్పు ఇంట్లోవాళ్ళకు తెలియదు. కానీ మోకుకు తెలుస్తుంది. ఆయన తగ్గితే నేను ఎక్కువవుతాను, సత్యవేణి చేతులు ఆ తేడాను ఇట్టే పట్టేస్తాయి. తగ్గానని తెలిస్తే ఎగరనివ్వదు, పైగా ఆ కుర్చీకి ఈడ్చుకుపోతుంది. కాబట్టి ఆయన ఒక ఉపాయం పన్నాడు. ఆటకు ముందు నిచ్చెనెక్కి, పైన దూలం పక్కన నేను కూర్చునే చెక్క మీదికొచ్చి నాకు కుంకుమ పెట్టడం పాత ఆచారం. ఆ పూజ వంకన నా మూతి ముడి విప్పి, గుప్పెడు ఇసుక తీసి, నడుములో దోపుకున్న ఒక రేకు డబ్బాలో పోసుకునేవాడు. అది నిండినప్పుడల్లా తన గదిలోని ట్రంకు పెట్టెలోకి చేర్చేవాడు. పారబోయలేదు పాపం. అమ్మ చేతి మీదుగా వచ్చిన ఇసుక కదా.

గుప్పెడు, గుప్పెడు. ఇద్దరం కలిసి చిక్కిపోయాం. కూతురి చేతులకు ఏ తేడా తెలియలేదు. కానీ నడిమధ్యలో ఎదురైనప్పుడు ఆయన నా వైపు చూడటం మానేశాడు. సిగ్గుపడ్డాడు. నాకు ఇసుక పోయినందుకు బాధ లేదు, ఆ చూపు పోయినందుకు ఉంది.

అలా ఉండగా మా షెడ్డుకు విద్యార్థులొచ్చారు. నాటకం వేసేవాళ్ళు కాదు, వేయించేవాళ్ళట. తెరలు, దీపాలు, సెట్టింగులు, ఆ చదువు. పేరున్న రంగస్థలాలన్నీ ఒక్క రోజులో చూపించాలని ఇందుమతి అనే పంతులమ్మ బస్సులో వేసుకొచ్చింది. పొద్దున పట్నంలోని పెద్ద ఆడిటోరియం చూశారట. అక్కడంతా మోటార్లేనట, బటన్ నొక్కితే రాజభవనాలు లేస్తాయట, అడుగడుగునా 'ముట్టుకోరాదు' అని బోర్డులట. మధ్యాహ్నం ఇంకోచోట ఏసీలో వణికి, సాయంత్రానికి మా దగ్గరికి చేరేసరికి అందరి మొహాలూ వాడిపోయాయి. సత్యవేణి వాళ్ళకు టీ ఇచ్చి, "ఇక్కడ అన్నీ ముట్టుకోవచ్చమ్మా. ముట్టుకోకపోతే ఏమీ తెలీదు" అంది. అంతే, పిల్లలు చీమల్లా పాకారు.

నిచ్చెనెక్కి నా దగ్గరికి మొదట వచ్చింది తబస్సుం అనే అమ్మాయి. వెనకాల ఇందుమతి. కింద నిలబడి సత్యవేణి గొప్పగా చెప్పింది: "ఆ మూట మా నాన్నకు సరితూకం. అరవై కిలోల పైమాటే."

తబస్సుం చున్నీ నడుముకు బిగించి నన్ను రెండు చేతులా లేపింది. లేపి ఆగిపోయింది.

"మేడం, గిది అరవై లేదు. మా నాయినది కరీంనగర్ల బియ్యం దుకాణం, నేను బస్తాలు మోసిన. గిది యాభై కిలోల బస్తా కన్న కొంచెమే తక్కువున్నది."

అందరూ నవ్వారు. ఇందుమతి నవ్వలేదు. మనిషిని ఎగరేసే బరువును తూచకుండా నమ్మకూడదన్నది ఆవిడ క్లాసులో మొదటి పాఠమట. సంచిలోంచి వేలాడే కాటా తీయించి దూలానికి కట్టించింది. కాటా తబస్సుం మాటే చెప్పింది.

సత్యవేణి మొహం పాలిపోయింది. "ఎక్కడో కారిపోతోందన్నమాట. ఇన్నాళ్ళూ నేను చూసుకోలేదు. మీ పుణ్యమా అని బయటపడింది. బయట ఇల్లు కడుతున్నారు, వాళ్ళనడిగి ఇసుక తెచ్చి పాత బరువుకు నింపేయండమ్మా" అని, టిక్కెట్ల దగ్గర జనం పోగవుతుంటే అటు పరుగెత్తింది.

చదువుకునే పిల్లలకు పని దొరికితే ఆగుతారా? బకెట్లతో వరసకట్టి, నిచ్చెన మీద ఒకరి చేతినుంచి ఒకరికి అందించుకుంటూ నన్ను నింపారు. అది నది ఇసుక కూడా కాదు, మరలో రాళ్ళను పిండిచేసిన ఇసుక. నాకు ఒళ్ళంతా గరగరలాడింది. దానికంటే భయం ఎక్కువగా వేసింది. వద్దర్రా, మీరు మేలు చేస్తున్నామనుకుని ముసలాయన్ను దూలానికి కొట్టబోతున్నారు అని అరవాలనిపించింది. మూతి బిగించి కట్టిన మూటను, ఏం అరుస్తాను?

కోటిలింగం నారదుడి వేషంలో పూజకు పైకొచ్చాడు. నిండుగా, బిర్రుగా కూర్చున్న నన్ను చూసి మెట్టు మీదే నిలిచిపోయాడు. చెక్క మీద పిల్లలు గుంపుగా ఉన్నారు, పూజను వీడియో తీయడానికి ఫోన్లు పట్టుకుని. ముడి విప్పే దారి లేదు. ఆయన కుంకుమ పెట్టాడు. వేళ్ళు ముడిదాకా వెళ్ళి వెనక్కి వచ్చాయి. నిచ్చెన దిగిపోయాడు. దూలానికి తల తగిలితే తగిలిందిలే అనుకున్నాడని నాకు తెలుసు. యాభై ఏళ్ళకు పైగా ఆయన బరువు మోసినవాణ్ణి, ఆయన మనసు తెలియదా?

కింద సత్యవేణి పరుగున వచ్చి ఆయన నడుముకు పట్టీ బిగించింది. మోకు కొక్కేనికి తగిలించబోతూ ఎప్పటిలాగే రెండు అరచేతులూ పసుపు గుడ్డతో తుడుచుకుంది. ఆయన ఆ చేతులను చూశాడు. చూసి, కొక్కేనికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"తగిలించకే వేణీ. నీ చేతులు చీరుకుపోతాయి."

"ఏమైంది నాన్నా?"

"మూట ఎక్కడా కార్లేదమ్మా. కారింది నేనే. ఇసుక నేనే తీశాను." రేకు డబ్బా నడుములోంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఈ వెధవ పళ్ళతో నమల్లేకపోతున్నానే. ఏడాదిగా జావే. ఆ డాక్టరు దగ్గరికి మళ్ళీ పంపిస్తావని చెప్పలేదు."

సత్యవేణి డబ్బా మూత తీసి చూసింది. గుప్పెట్లోకి ఇసుక తీసుకుంది. తిడుతుందనుకున్నాను. ఆమె కండువా పక్కకు తొలగించి తండ్రి భుజం తడిమింది. ఎముక చేతికి తగిలినట్టుంది, కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "పళ్ళ డాక్టరుకు భయపడి నాకు అబద్ధం చెప్పావా నాన్నా? ముల్లోకాలు తిరిగేవాడివి!" అంది. ఏడుస్తూనే నవ్వేసింది. ఆయనా నవ్వాడు. పైన నిలబడ్డ తబస్సుం మాత్రం నవ్వలేదు. "నేను నోరు మూసుకోవాల్సుండె" అంది మెల్లగా. ఇందుమతి ఆమె భుజం మీద చెయ్యేసి, "నువ్వు తూచావు కాబట్టే ఈ పూట ఎవరికీ ఏమీ కాలేదు" అంది.

ఎగరడం మానుకోమని సత్యవేణి అడిగింది. టిక్కెట్టు కొన్నవాళ్ళకు నారదుణ్ణి నడిపించి పంపితే పాపం తగులుతుందని కోటిలింగం మొండికేశాడు. చివరికి, "సరే, ముందు తూకం" అంది. అప్పుడు జరిగింది నేను ఈ జన్మలో మరిచిపోను. జటాజూటం, రుద్రాక్షలు, భుజాన తంబుర, చేతిలో చిడతలతో సహా నారదులవారిని కాటా కొక్కేనికి బియ్యం బస్తాలా వేలాడదీశారు. ఆయన వేలాడుతూనే చిడతలు వాయించాడు. పిల్లల వాడిన మొహాలు ఒక్కసారిగా వికసించాయి. ఏసీ ఆడిటోరియంలో వాళ్ళకు ఇలాంటిది ఎవరు చూపిస్తారు? తబస్సుం కిందికి దిగి కాటా చూసి బరువు చెప్పింది, మళ్ళీ పైకొచ్చి నాలోంచి ఎక్కువైనంత ఇసుకా తీసేసింది. నదుల ఇసుకా రాళ్ళ ఇసుకా అప్పటికే కలిసిపోయాయి, ఏది పోయిందో ఏది మిగిలిందో తెలియదు. పోనీలెండి, హైదరాబాదు కూడా మా మకామే కదా.

ఆ పూట ఆయన ఎగిరాడు, క్షేమంగా దిగాడు. మర్నాడు సత్యవేణి ఆయన్ను కుర్చీకి తీసుకెళ్ళింది. డాక్టరు పళ్ళు సవరిస్తున్నంతసేపూ కూతురి చెయ్యి వదల్లేదట. వచ్చాక మొట్టమొదట ఏం తిన్నాడో తెలుసా? చేగోడీలు! కరకరమని చప్పుడు చెక్క మీదున్న నాకు వినిపించింది.

ఆ రోజునుంచి నియమం మారింది. అందరితో కలిసి బంతిలో భోజనం. కాటాను ఇందుమతి మాకే వదిలేసి వెళ్ళింది. ఆయన ఒళ్ళు చేసిన కొద్దీ ట్రంకు పెట్టెలో దాచిన ఇసుకలోంచి గుప్పెడు తెచ్చి, కూతురి కళ్ళముందే నాలో పోసేవాడు. మొన్న ఆ పెట్టె ఖాళీ అయింది. ఆ పూట తబస్సుం కూడా వచ్చింది. పరీక్షలయ్యాయట, సెలవుల్లో మోకు పని నేర్చుకుంటానంది. సత్యవేణి తన పసుపు గుడ్డను రెండుగా చింపి ఒక ముక్క ఆమెకిచ్చింది. ఇద్దరూ చేతులు తుడుచుకుని మోకు పట్టుకున్నారు.

తంబుర మీటి, నారాయణ నామం పలికి ఆయన నేలను వదిలాడు. నేను చెక్కను వదిలాను. నడిమధ్యకు వచ్చాం. ఆయన తల తిప్పి నావైపు చూశాడు. కన్ను గీటి ఊరుకోలేదు, నోరారా నవ్వాడు. పైవరసా, కిందివరసా, పళ్ళన్నీ కనిపించాయి. జనం ఆ నవ్వు తమకే అనుకుని చప్పట్లు కొట్టారు. కొట్టుకోనివ్వండి. నేను నింపాదిగా కిందికి దిగాను.