లాంచికి పోసిన ఆముదం

సుక్కమ్మ పోయిన మూడోనాడు పొద్దున నేను లాంచి ఇంజన్‌కు ఆయిలు మార్చాను. పెళ్లాం కోసం నా కంట్లోంచి ఒక్క చుక్క రాలలేదు గానీ, ఇంజన్‌లోంచి మాత్రం డబ్బాడు కారింది. ఈ మాట నేనే అన్నాను, రేవంతా వినపడేట్టు. ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. నోరు అలవాటు కొద్దీ తన పని తాను చేసుకుపోతోంది, అంతే.

అరవై ఏడో సంవత్సరం వానాకాలం. నందికొండ డ్యాం వెనక నీళ్లు నిలబెడుతున్నారు. మా ఊరు ముంపులో పోతుందని ఇళ్లు ఖాళీ చేసి అందరం గట్టు మీది కాలనీకి వచ్చేశాం. సుక్కమ్మను మాత్రం పాత ఊరి బొందలగడ్డలోనే, వాళ్ల నాయిన పక్కన పూడ్చిపెట్టాం. నీళ్లు అక్కడిదాకా రావడానికి నెల పడుతుందన్నారు. ఎగువన వాన దంచింది. మూడు రోజుల్లో బాట మునిగింది, సాయంత్రానికి బొందలగడ్డ కూడా మునుగుతుంది. ఆలోగా అన్నం తీసుకుపోయి పిట్టకు పెట్టాలి. మూడోనాటి ముద్దను కాకి ముట్టకపోతే, పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిపోయిందని మావాళ్ల నమ్మకం.

పోవాలంటే లాంచి ఒక్కటే దారి. దాన్ని నడిపే సరంగును నేనే. ముందురోజు దాని ఆయిలు ప్రెషర్ చూపించే సూది లేవనని మొరాయించింది. డీజిల్ కలిసి నూనె పల్చబడిపోయింది. అలాగే నడిపితే నడిఏట్లో ఇంజన్ పట్టేస్తుంది.

లారీకైతే కింద బోల్టు విప్పితే నూనె దానంతటదే కారిపోతుంది. లాంచిలో ఇంజన్ కింద చెయ్యి దూరే జాగా ఉండదు. పది నిమిషాలు నడిపి, నూనె వేడెక్కాక, నూనె కొలిచే గేజు పుల్ల పెట్టే రంధ్రంలోంచి సన్న గొట్టం దింపి ఇత్తడి చేతిపంపుతో పైకి లాగాలి. అడుగున నూనె నిలిచే గుంటను సంపు అంటారు. కొత్తలో ఆఫీసరు "సంపు చూడు ఐలేశం" అంటే, "ఎవర్ని సార్?" అన్నాను. ఆ ఒక్క జోకు మీద ఎనిమిదేళ్లు బతికాను. సుక్కమ్మ మొదటిసారి నవ్వింది. తర్వాత్తర్వాత నేను "సంపు" అనగానే చేట అందుకుని బియ్యం చెరగడం మొదలుపెట్టేది.

సంపులోంచి పంపుతో నల్లనూనె పంపించాను. రెండు వేళ్ల మధ్య రుద్ది చూశాను. నీళ్లే నయం. ఫిల్టరు విప్పి డీజిల్‌లో కడిగాను. ఇక కొత్త నూనె పోద్దామని డబ్బా కోసం ఒడ్డుకు వస్తే, నా బామ్మర్ది బీరన్న గొర్లు పెళ్లికి తల దువ్వుకున్నట్టు నిగనిగలాడుతున్నాయి.

తీసేసిన నల్లనూనె ప్రతిసారీ బీరన్నదే. గజ్జి పట్టిన గొర్లకు పూస్తాడు. ఇప్పుడు నల్లనూనె డబ్బా కదలకుండా అక్కడే ఉంది. కొత్త నూనె డబ్బా ఖాళీ.

"ఏందిరా గిది?"

"నూనె బావా. నువ్వు బయట పెడితివి గద."

"నల్లది గదరా నీది! గిది కొత్తది, ఇంజన్ల పొయ్యాల్సింది!"

బీరన్న మెరిసిపోతున్న చేతులు చూసుకున్నాడు. "ఎనిమిదేండ్ల సంది నల్లదే ఇస్తివి. గియ్యాల ఎర్రగ, సాఫ్‌గ కనవడ్డది. అక్క పోయింది గదా అని నాకు మంచిది పెట్టినవనుకున్న."

ఈ మాటకు లోపల ఏదో కలుక్కుమనాలి. అనలేదు. స్టోరు తాళం సంగతి ఆలోచించాను. ఆదివారం. స్టోరు బాబు హాలియా పోయాడు, రేపు గానీ రాడు.

"గొర్లను పిండితే ఎల్లదా బావా?"

"పాలు పిండుడే సక్కగ రాదు నీకు."

మా అత్త పుల్లమ్మ అన్నం గంప ముందు పెట్టుకుని ఒడ్డున కూర్చుని ఉంది. బిడ్డ పోయినప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు.

"ఇంట్ల రెండు కుండల ఆముదం ఉన్నది," అంది.

"అత్తా, గిది దీపం గాదు, ఇంజన్."

"బండి ఇరుసుకు పోస్తలేమా? తిరిగేదానికి నూనె గావాలె. నీ ఇంజన్ తిరుగుతదా, నీ లెక్క కూసోని ముచ్చట్లు జెప్తదా?"

ఆముదం చిక్కటిది, వేడికి ఓర్చుకుంటుంది. కాకపోతే ఇంజన్ నూనెతో పొత్తు కుదరదు, నాలుగు రోజులుంటే లోపల బంకలా పట్టేస్తుంది. నాకు కావలసింది ఒక్క పూట. బీరన్న కుండలు మోసుకొచ్చాడు. అది సుక్కమ్మ వండిన ఆముదం. గుడ్డలో వడపోసి పోశాను. గేజు పుల్ల తీసి చూశాను, గీత దాకా వచ్చింది. హ్యాండిల్ తిప్పాను. సూది లేచింది, నిలబడింది.

పొగగొట్టంలోంచి మా ఇంటి వాసన వచ్చింది. తలంటు నాటి వాసన. బీరన్న ముఖం అటు తిప్పుకున్నాడు. నేను సూదినే చూస్తూ నడిపాను.

బొందలగడ్డ మీద పిక్కల దాకా నీళ్లు. సుక్కమ్మ మీది మట్టికుప్ప నెత్తి మాత్రం చేటంత తేలి కనిపిస్తోంది. దాని మీద విస్తరి పరిచి పుల్లమ్మ అన్నం, కోడికూర పెట్టింది. ఎండిన తుమ్మ మీద ఒకే ఒక్క కాకి. అది మమ్మల్ని చూస్తోంది, విస్తరిని చూడడం లేదు.

"బిడ్డా, నీ మెడల గుండ్లపేరు నీ మనుమరాలి మెడలనే ఏస్త," అంది పుల్లమ్మ.

కాకి కదల్లేదు.

"అక్కా, నీ పేరు మీద ఒక పొట్టేలును ఇడుస్త. దాన్ని కొయ్యను, అమ్ముకోను," అన్నాడు బీరన్న.

కాకి ముక్కు గీరుకుంది.

"నువ్వు జెప్పు బావా. అక్క మనసుల ఏమున్నదో నీకెరుక ఉండాలె."

వెతికాను. ముప్పై ఏళ్లు. ఆ ఇంట్లో మాట్లాడిందంతా నేనే. ఆమె నోరు తెరిచిన ప్రతిసారీ నా దగ్గర ఒక జోకు సిద్ధంగా ఉండేది. చీర అడిగిందా, ఊరు పోదామందా, పక్కన కూర్చోమందా? ఒక్కటీ గుర్తు రాలేదు.

"నాకెరుక లేదు సుక్కీ," అన్నాను. రేవు దద్దరిల్లే గొంతు నాది. పక్కనున్న బీరన్నకే సరిగా వినపడలేదు.

కాకి ఎగిరిపోయింది. నీళ్లు విస్తరి కిందికి వచ్చాయి. విస్తరి లేచి మెల్లగా తిరిగి, ఒక పక్కకు ఒరిగింది. అన్నం జారింది. అడుగు నుంచి వేలెడంత చేపలు పైకి వచ్చి మెతుకులు అందుకున్నాయి.

"బావా, చేప ముట్టింది. చెల్లుతదా?"

పుల్లమ్మ కూడా నా వంకే చూస్తోంది.

"చెల్లుతది," అన్నాను. "గీ జాగ ఇగ వాటిదే గద."

పుల్లమ్మ చేతులు జోడించింది. నీళ్లు మోకాళ్లు దాటేదాకా ఎవరం కదల్లేదు.