కాంట్రాక్టరు ఊదిన విజిల్

బాపట్ల గ్రౌండులో, పట్టపగలు, అంత జనం చూస్తుండగానే జ్యోత్స్నని కొట్టారు.

చూసినవాళ్ళలో ఆమె తల్లి శోభారాణి కూడా ఉంది. కూతురు రిఫరీగా మైదానంలోకి దిగిందంటే చాలు, ఆవిడ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని గట్టున కూర్చుంటుంది. బస్సు ఆలస్యమైతే కాలవలో బోల్తా పడిందనుకునే మనిషి. కూతురు ఫోను ఎత్తకపోతే ఏ ఆసుపత్రిలో ఉందోనని చెప్పులేసుకునే మనిషి. బంతి గట్టిగా తన్నినా కళ్ళు మూసుకుంటుంది. ఆ రోజు మాత్రం మూసుకోలేకపోయింది.

సెమీ ఫైనల్ అది. డెల్టా కప్పు ఫుట్‌బాల్ పోటీలు నడిపేది కాంట్రాక్టరు పూర్ణచంద్రరావు. అందులో ఆడే లయన్స్ టీమూ ఆయనదే. ఆట చివర్లో లయన్స్ కుర్రాడు గోలు ముందు అవతలివాణ్ణి కాలు అడ్డంపెట్టి పడేశాడు. జ్యోత్స్న విజిల్ ఊది పెనాల్టీ ఇచ్చింది.

"ఎవరయ్యా ఈ పిల్లని పిలిచింది?" అన్నాడు పూర్ణచంద్రరావు స్టేజీ మీద మైకులో.

ఆయన మనుషులకి ఆ మాట చాలు. కంచెకి పాతిన సరుగుడు కర్రలు పీక్కుని లోపలికి దూకారు. శోభారాణి కంచె దాటేలోగా కూతురు కాలు పట్టుకుని నేల మీద దొర్లుతోంది. ఆ పెనాల్టీ ఎవరూ కొట్టలేదు. లయన్స్ ఫైనల్‌కి వెళ్ళిందని అదే మైకులో చెప్పారు.

ఎముక విరిగింది. ఆపరేషన్ చెయ్యాలన్నారు. కప్పు మేనేజరు ఆసుపత్రి గుమ్మంలోనే నిలబడి, "ఆ అమ్మాయి మా మనిషి కాదమ్మా. ఆ పూటకి పిలిచాం, వచ్చింది, అయిపోయింది" అన్నాడు. జ్యోత్స్న పనిచేసే బట్టల కొట్టాయనేమో, "ఆదివారం నువ్వెక్కడికెళ్ళావో నాకేం సంబంధం? నిలబడలేనిదానివి ఇక కొట్లో ఏం చేస్తావు?" అన్నాడు.

మైదానం వాళ్ళు తమ మనిషి కాదన్నారు. కొట్టువాళ్ళు తమ మనిషి కాదన్నారు. మరి ఆ విరిగిన కాలు ఎవరిది?

పాస్టరుగారు మంచం పక్కన ప్రార్థన చేసి, "శోభమ్మా, క్షమించడం నేర్చుకోవాలమ్మా" అన్నారు.

"క్షమిస్తానయ్యగారూ. ముందు ఆ కాంట్రాక్టర్ని ఆ గీతల మధ్య, అదే చోట ఒంటరిగా నిలబెట్టి కళ్ళారా చూడనివ్వండి."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆవిడే నమ్మలేకపోయింది. ఇన్నేళ్ళూ ఏం జరుగుతుందోనని వణికింది. జరగనే జరిగింది. ఇక ఆ వణుకుకి పనేముంది? ఆ చోట ఇంకోటి వచ్చి కూర్చుంది. అది నిద్రపోదు, పోనివ్వదు.

ఆదివారం ఆరాధన అయ్యాక రేపల్లె చర్చి వరండాలో రిఫరీలంతా కలిశారు. పెద్దవాడు బర్నబాస్. తెనాల్లో ఆటో తోలుతాడు, కుర్రాళ్ళందరికీ రిఫరీ పని నేర్పింది ఆయనే. భార్గవ్ చీరాల్లో మరమగ్గం మీద పనిచేస్తూ లైన్ మీద జెండా పట్టుకుంటాడు. జీవన్ కుమార్‌కి ఆఫీసులో గుమస్తా ఉద్యోగం. జ్యోత్స్న పిండికట్టు కాలు కుర్చీ మీద చాపి కూర్చుంది. తల్లి ఆ కాలికి ఎవరూ తగలకుండా అడ్డంగా నిలబడింది.

"మనల్ని జీతాలిచ్చి పర్మినెంటు చెయ్యమని అడుగుదాం" అన్నాడు బర్నబాస్. "దెబ్బ తగిలితే వైద్యం వాళ్ళే చేయించాలి. తీర్పు నచ్చలేదని తీసెయ్యకూడదు."

జీవన్ కుమార్ తల అడ్డంగా ఊపాడు. "వద్దు బాబాయ్. ఇది ఇష్టంతో చేసే పని. జీతం తీసుకున్నాక పూర్ణచంద్రరావు ఊదమన్నట్టు ఊదాలి. అది న్యాయమా?"

"నీకేం అన్నా, ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని వస్తావు" అన్నాడు భార్గవ్. "నేను రాత్రంతా మగ్గం దగ్గర నిలబడి, పొద్దున్నే రైలెక్కి వచ్చి లైన్ మీద పరిగెత్తాలి. కళ్ళు మూతలు పడుతుంటే ఆఫ్‌సైడ్ ఏం కనపడుద్ది? తప్పు జెండా ఎత్తితే తిట్టేది నన్నే. మా అమ్మనీ కలిపి!"

కొందరు నవ్వారు. జ్యోత్స్న నవ్వలేదు.

"అన్నా, జీతగాడు భయపడతాడంటున్నావు. పూటకి కూలికొచ్చేవాడు భయపడడా? విజిల్ నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ, ఇది ఊదితే వచ్చేవారం పిలుస్తారా అని లోపల ఒక లెక్క నడుస్తుంది. నేనూ ఎన్నోసార్లు మింగేశాను. ఒక్కసారి మింగలేదు. ఇదిగో, కాలు. జీతం ఒక్కడి చేతిలోంచి వద్దు. టీములన్నీ కలిసిన సంఘం ఇవ్వాలి. అప్పుడు మనం ఏ ఒక్కడి మనుషులమూ కాం. ఆట మనుషులం."

జీవన్ కుమార్ ఆ కాలు వంక చూసి తలూపాడు. "సరే. అడిగితే పూర్ణచంద్రరావు ఒప్పుకుంటాడా మరి?"

"అడగొద్దు" అంది శోభారాణి. అందరూ ఆవిడవైపు తిరిగారు. "తెనాలి ఫైనల్‌కి వెళ్ళండి. నిలబడండి. ఊదకండి. వాణ్ణే ఊదమనండి. నా బిడ్డ నిలబడ్డ చోట వాడు నిలబడాలి. అంతే నాక్కావలసింది."

ఫైనల్ రోజున తెనాలి గ్రౌండు కిటకిటలాడింది. స్టేజీ నిండా నాయకులు, దండలు. ఒకవైపు లయన్స్, ఇంకోవైపు రేపల్లె కుర్రాళ్ళు. బర్నబాస్ బంతిని మధ్యలో పెట్టాడు. విజిల్ మెడలోంచి తీసి బంతి పక్కన గడ్డిలో పెట్టాడు. చేతులు కట్టుకుని గీత బయటికి నడిచాడు. భార్గవ్ జెండా కింద పడేశాడు. జీవన్ కుమార్ కూడా.

పూర్ణచంద్రరావు స్టేజీ దిగి వచ్చాడు. "ఏంట్రా ఇది? విజిల్ ఊదడం కూడా ఒక పనేనా? దానికో ఉద్యోగమా? మా వాచ్‌మన్ ఊదుతాడు!"

"వాచ్‌మన్ ఎందుకండీ, మీరే ఊదండి బాబుగారూ!" జనంలోంచి అరిచింది శోభారాణి.

"ఊదండి బాబుగారూ! ఊదండి!" గ్రౌండంతా అందుకుంది. నాయకులు నవ్వుతూ చూస్తున్నారు. వెనక్కి తగ్గితే పరువు పోతుంది. ఆయన వంగి విజిల్ తీసి ఊదాడు.

కాసేపటికే లయన్స్ కుర్రాడు, అవతలివాళ్ళందర్నీ దాటి ముందే గోలు దగ్గర కాపు కాసినవాడు, బంతి అందుకుని లోపలికి తన్నాడు. రేపల్లె కుర్రాళ్ళు కాంట్రాక్టర్ని చుట్టుముట్టారు. "ఆఫ్‌సైడ్!" ఆయన లైన్ వైపు చూశాడు. అక్కడ జెండా లేదు, మనిషి లేడు. "గోలే!" అన్నాడు.

"అమ్ముడుపోయాడ్రోయ్!" ఎవడో కేక పెట్టాడు. "ఎవడ్రా వీణ్ణి పిలిచింది?" ఇంకొకడు.

వాటర్ పాకెట్లు రాలాయి. ఒకటి తెల్లచొక్కా మీద పగిలింది. ఆయన పరిగెత్తబోయి, చెప్పు జారి, మోకాళ్ళ మీద పడ్డాడు. బాపట్లలో కర్రలు పట్టినవాళ్ళే వచ్చి ఆయనకి కాపలాగా చుట్టూ నిలబడ్డారు. రేపల్లె కుర్రాళ్ళు గడ్డిలో కూర్చున్నారు. "రిఫరీ లేకుండా ఆడం." లయన్స్ పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు కెప్టెన్, తర్వాత మిగిలినవాళ్ళు, వాళ్ళూ కూర్చున్నారు.

శోభారాణి రెప్ప వెయ్యకుండా చూసింది. ఆయన మొహంలో ఆ భయాన్ని ఆవిడ గుర్తుపట్టింది. ఇన్నేళ్ళూ అది తన మొహమే.

పోలీసులు వచ్చారు. "ఎవరి మనుషులయ్యా మీరు?" అన్నాడు ఎస్సై రిఫరీలని చూసి.

"ఎవరి మనుషులమూ కామని చెప్పేశారండి, అందుకే తన్నులు తిన్నాం" అన్నాడు బర్నబాస్. "ఉద్యోగాలిచ్చేదాకా ఈ డెల్టాలో ఎక్కడా విజిల్ మోగదు."

"వ్యాను ఎక్కండి."

అందరికంటే ముందు ఎక్కింది శోభారాణి. ఖాకీ చొక్కా కనపడితే సందు మారే మనిషి. గేటు దగ్గర ఆటోలో కూర్చున్న జ్యోత్స్న, "అమ్మా, నువ్వెందుకే!" అని అరిచింది.

"నువ్వు కాలు కదపకు, నొప్పి చేస్తుంది!" అని కూతుర్ని కసిరి, బురద మోకాళ్ళతో నిలబడ్డ పూర్ణచంద్రరావు వైపు తిరిగింది. "ఒక్క పూటకే అలిసిపోయారేంటి బాబుగారూ? ఇంకా బోలెడు ఆటుంది."

బర్నబాస్ ఎక్కాడు. భార్గవ్, జీవన్ కుమార్ ఎక్కారు. కానిస్టేబులు తలుపు వెయ్యబోయాడు. గడ్డిలోంచి రేపల్లె కుర్రాళ్ళు లేచారు. వాళ్ళ వెనక లయన్స్ కెప్టెన్, చేతిలో బూట్లు పట్టుకుని.

శోభారాణి తలుపుకి చెయ్యి అడ్డం పెట్టింది.

"అప్పుడే వెయ్యకండి సార్. ఇంకా వస్తున్నారు."