ఆమె ఎందుకు నవ్వింది

ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్న తల్లికి ఫోన్ వచ్చేటప్పటికి పదకొండు దాటింది. ఉన్నపళంగా బడికి రమ్మన్నారు. పూట కూలి కోసేస్తానన్నాడు సూపర్‌వైజరు. సరేనని, చెమటకు తడిసిన బట్టలతోనే గబగబా నడిచింది.

హెడ్మాస్టరు గదిలో కూతురు గోడవారగా నిలబడి ఉంది. పక్కనే తెలుగు చెప్పే టీచరు. బల్లమీద ఒక జవాబు పత్రం, దాని పక్కన టైపు చేసిన కాగితం.

"ర్యాంకు తెస్తుందని ఆశ పెట్టుకున్న పిల్లమ్మా. నోట్సులో ఉన్నది రాయమంటే సొంత తెలివి చూపిస్తోంది," అన్నాడు హెడ్మాస్టరు.

"చిన్నపిల్ల సార్, తెలీక రాసుంటుంది," అంది తల్లి నవ్వుతూ.

"ఇకమీద నోట్సు దాటి ఒక్క ముక్క రాయదని ఇక్కడ సంతకం పెట్టండి. లేకపోతే చివరి సెక్షన్‌కి మార్చేస్తాం." టీచరు వైపు తిరిగాడు. "మీరు ఆ మార్కులు కొట్టేసి సున్నా వేయండి. దీన్ని చూసి మిగతావాళ్లూ మొదలెడితే కొంప మునుగుతుంది."

పదకొండేళ్లు ఆ టీచరు నోట్సు చెబుతూ రాయించింది. ఈ ఏడాది మొదట్లో, అరవైమంది రాసిన జవాబుల్లోనూ ఒకే అక్షరదోషం కనిపించింది. ఆ దోషం తన నోట్సులోదే. మర్నాటినుంచి నోట్సు మూసేసి, "మీకేమనిపించింది?" అని అడగసాగింది. మూడు వారాలు ఎవరూ నోరు విప్పలేదు. నాలుగో వారం ఈ పిల్ల చెయ్యెత్తింది.

తల్లి కలం తీసుకుని ఆగింది. "ఏం రాసిందో ఒక్కసారి వింటాను సార్. నాకు సంతకం తప్ప చదువు రాదు."

"దేనికమ్మా..." అని హెడ్మాస్టరు అంటూండగానే కూతురు జవాబు పత్రం అందుకుంది.

పాఠం ఒక వంటమనిషి కథ. వెండి గ్లాసు పోతే నింద ఆమె మీద పడుతుంది. గ్లాసు దొరికాక ఆమె నవ్వి, మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్తుంది. సహనం గొప్పదని ఈ కథ చెబుతుందని నోట్సు.

"ఆమె నవ్విందని రాశారు. ఎందుకు నవ్విందో రాయలేదు," చదివింది అమ్మాయి. "నాకది సహనం అనిపించలేదు. ఏడిస్తే పని పోతుంది. అడిగినా పోతుంది. నవ్వితే పోదు. ఈ కథ నేను రాస్తే అక్కడ ఆపను. ఆమె గరిటె పక్కన పెట్టి, 'నా సంచి వెతికారు కదమ్మగారూ, మీ వాళ్ల సంచులు వెతికారా?' అని అడుగుతుంది."

కిందటి నెల దుప్పట్లు తగ్గాయని లాండ్రీలో ఆడవాళ్ల సంచులన్నీ బోర్లించారు. తల్లి ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

"నీకెవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదమ్మా. కథ చదివితే అనిపించింది."

తల్లి మొహంలో ఇప్పుడు నవ్వు లేదు. "ఇందులో తప్పేముంది సార్?"

"తప్పని కాదమ్మా, మార్కులు రావు."

"తప్పు కానప్పుడు నేను సంతకం పెట్టను." కలం బల్లమీద పెట్టేసింది.

హెడ్మాస్టరు మొహం ఎర్రబడింది. "టీచర్, మీరైనా చెప్పండి!"

ఈ ఉద్యోగం పోతే ఇంకో బడి ఎక్కడ దొరుకుతుందో టీచరుకి తెలియదు.

"పదికి తొమ్మిది వేశాను సార్. మార్చను."

అమ్మాయి మెల్లిగా అడిగింది.

"తొమ్మిదే ఎందుకు టీచర్?"

టీచరు ఆ పిల్ల చేతిలోంచి కాగితం తీసుకుని, మొదటి వాక్యం నుంచి మళ్లీ చదవసాగింది.